85 డాలర్ల ధర్మసందేహం

2025 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి, పదకొండు దాటాక, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వుండగా న్యూజెర్సీ నుంచి మా అక్క ఫోను చేసింది. అక్కడప్పుడు పట్టపగలు. కొడుకూ కోడలూ ఆఫీసులకూ, మనవడు బడికీ వెళ్ళిన వేళ. ఆ వేళ చూసి ఫోను చేసిందంటే ఇంట్లోవాళ్ళ చెవిని పడకూడని సంగతేదో వుందన్నమాటే.

“ఒరే, ‘సైటెడ్’ అంటే తెలుగులో ఏమిట్రా?” అంది.

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి కనుక ఉత్సాహం ఆగలేదు. “ఉదాహరించడం అక్కా. ఒక గ్రంథంలోని మాటను ఇంకో గ్రంథంలో ప్రమాణంగా చూపిస్తామే, అదీ.”

“నీ గ్రంథాలకేం గాని, పోలీసువాడు మనిషిని సైట్ చేస్తే ఏమవుతుందో అది చెప్పు.”

నా చేతిలో ఎర్రకలం ఆగిపోయింది.

మా యింట్లో అందరికంటే పెద్దది అక్క, అందరికంటే చిన్నవాణ్ణి నేను. ఇద్దరికీ మధ్య పదిహేడేళ్ళు. నాకు గుణింతాలూ ఎక్కాలూ నేర్పింది ఆవిడే. జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ, లెక్క తప్పు చేసినవాణ్ణి క్షమించింది గాని అబద్ధమాడినవాణ్ణి క్షమించలేదు. బావగారు పోయాక, 2017లో ఉద్యోగానికి స్వస్తి చెప్పి కొడుకు దగ్గరికి వెళ్ళింది. కొడుకు అప్పటికే అమెరికా పౌరుడు కనుక గ్రీన్‌కార్డు తొందరగానే చేతికొచ్చింది.

ఇప్పుడావిడకు పౌరసత్వం మీద మనసు పుట్టడానికి కారణం వింటే మీరు నవ్వుతారు. గ్రీన్‌కార్డు వాళ్ళు ఆ దేశం విడిచి ఎక్కువకాలం బయట వుండకూడదు. ఆరునెలలు దాటితే ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ముప్పు. అక్కకేమో తెనాలిలో ఇల్లుంది, రెండు సపోటా చెట్లున్నాయి, చూసుకోవలసిన అత్తగారున్నారు. అమెరికా పౌరురాలైతే ఈ లెక్కలుండవు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు గనుక భారతీయ పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి, నిజమే. కాని ఓసీఐ కార్డు తీసుకుంటే ఇక్కడ ఎన్నాళ్ళయినా వుండవచ్చు. అంటే తెనాలిలో తీరిగ్గా వుండడానికి మా అక్క అమెరికన్ కావాలి!

అందుకు పెట్టే దరఖాస్తు పేరు ఎన్-400. అందులో ఒక ప్రశ్న వుంది: పోలీసులు గాని, ఇతర అధికారులు గాని నిన్ను ఏనాడైనా అరెస్టు చేశారా, నిర్బంధించారా, ‘సైట్’ చేశారా? ఈ చివరి మాట దగ్గరే పడింది చిక్కు.

సంగతి 2022 నాటిది. మనవణ్ణి బడినుంచి తీసుకురావడం కోసం అక్క అరవై దాటాక కారు నేర్చుకుంది. అక్కడి వీధుల్లో నాలుగు రోడ్లు కలిసేచోట ఎనిమిది పలకల ఎర్ర రేకు ఒకటి నిలబెట్టి వుంటుంది. ‘ఆగు’ అని వుంటుంది దానిమీద. ఆగు అంటే ఆగడమే. కనుచూపుమేర మనిషీ కుక్కా లేకపోయినా సరే, చక్రాలు పూర్తిగా నిలిచిపోయి, ఆ తరవాతనే కదలాలి. మనవాళ్ళ వాటం అది కాదు. వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, పోనిస్తాం. మన కూడళ్ళలో అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యరు. ఆపాటి చేసినా వెనకవాడు హారను మోగిస్తాడు. అక్క కూడా అలానే పోనిచ్చింది. సందు చివర కాచుకున్న పోలీసు కారు రంగుదీపాలు వెలిగించి వెంటపడింది. 85 డాలర్లు జరిమానా, లైసెన్సు మీద 2 పాయింట్లు. ఆ పోలీసు ఎంతో మర్యాదగా చేతికిచ్చిన ఆ కాగితాన్నే అక్కడ ‘సైటేషన్’ అంటారు. జనం వాడుకలో టిక్కెట్టు.

అక్క వారం తిరక్కుండా జరిమానా కట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. కోడలి ముందు తేలిక కావడం ఒకటి, ఇక తాళం చెవులివ్వరేమో, మనవడితో దారిపొడుగునా చెప్పుకునే కబుర్లు పోతాయేమోనన్న బెంగ ఒకటి. మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు కొడుకు ఫారం నింపుతూ, “అమ్మా, నీకెప్పుడూ టిక్కెట్లేమీ రాలేదు కదూ?” అన్నాడట. “నాకెందుకొస్తాయిరా” అన్నదట ఈవిడ. వాడు ‘లేదు’ అన్నచోట గురుతు పెట్టాడు. ఇక సంతకమే మిగిలింది.

“చెబితే వాడి ముందు అబద్ధాలకోరునవుతాను. పైగా మొన్న ఆగస్టులో కొత్త ఉత్తర్వేదో వచ్చిందట, ట్రాఫిక్ తప్పుల్ని కూడా చూస్తారట. ఉన్నదీ పోతుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిరా, 85 డాలర్ల సంగతి?” అంది.

నేను వకీలును కాను. తెలుగు ఎమ్.ఎ. చదివినవాడికి అమెరికా చట్టంతో చుట్టరికమేమీ లేదు. అయినా నాకు అక్షరాభ్యాసం చేయించిన మనిషి మొదటిసారి నన్నొక సందేహం అడిగింది. నాలుగైదు రాత్రులు కూర్చుని ఆ ఫారమూ, దాని సూచనలూ, తీర్పులూ చదివాను. మన ఇళ్ళలో ఇలాంటి అక్కలూ అమ్మలూ చాలామందే వుంటారు గనుక తెలిసినంతవరకు రాస్తున్నాను. ఎవరి సంగతి వారు అక్కడి వలసచట్టం వకీలుకు చూపించుకోవడం మంచిది.

ముందుగా భయం తీర్చే మాట. ఆ ఫారం సూచనల్లోనే ఏళ్ళతరబడి ఒక వాక్యం వుంటూ వచ్చింది. అరెస్టు జరగకుండా, మద్యం గాని మత్తుమందు గాని ప్రమేయం లేకుండా, కేవలం 500 డాలర్లకు లోపు జరిమానాతోనో, లైసెన్సు మీద పాయింట్లతోనో పోయిన ట్రాఫిక్ వ్యవహారానికి కాగితాలు జతపరచనక్కరలేదని దాని సారాంశం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాగితాలు అక్కరలేదన్నారు గాని జవాబు అక్కరలేదనలేదు. ప్రశ్న ‘ఏనాడైనా’ అని అడుగుతున్నది. జవాబు ‘అవును’ అనే వుండాలి.

ఈ ప్రశ్నలన్నిటి వెనకా వున్నది ‘సత్ప్రవర్తన’ అనే షరతు. మామూలుగా దరఖాస్తుకు వెనక అయిదేళ్ళు, పౌరుణ్ణి పెళ్ళాడి కాపురం చేస్తున్నవారికి మూడేళ్ళు, ఆ మనిషి నడవడి బాగుండాలి. అమెరికా మొదటి పౌరసత్వ చట్టం వచ్చిన 1790లోనే నడవడి మాట వుంది. ఆ చట్టమే పౌరసత్వం తెల్లవారికి మాత్రమేనన్నది కూడా. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడే, తెల్లవాడు కాడు గనుక తగడని సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చట్టం మారిందాకా మనవాళ్ళ నడవడి అడిగే అవసరమే వాళ్ళకు లేకపోయింది!

హత్యవంటి నేరాలు ఎప్పటికీ అడ్డే. వాటి జోలి మనకొద్దు. మధ్యతరగతి గృహస్థుకు తగిలేవి వేరే వున్నాయి. తాగి కారు నడపడం చిన్న ట్రాఫిక్ తప్పు కాదు. ఆ అయిదేళ్ళలో రెండుసార్లు శిక్షపడితే సత్ప్రవర్తన లేనట్టే భావించాలని 2019లో అటార్నీ జనరల్ నిర్ణయించాడు. కాదని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారు మీద పడింది. వేగం సంగతి కూడా రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. మనవాళ్ళు ఎందరో వుంటున్న వర్జీనియాలో గంటకు 85 మైళ్ళు దాటితే గాని, హద్దుమీద 20 మైళ్ళు అదనంగా పోతే గాని అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు, క్రిమినల్ నేరం. 2,500 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు వుండవచ్చు. ఇంకొకటి, చిన్న టిక్కెట్టే గదా అని కట్టకుండా, కోర్టుకు పోకుండా వూరుకుంటే అది వారంటుగా మారవచ్చు. తగ్గింపు ప్రకటించేదాకా చలాన్లు దాచుకునే అలవాటు మన ఊళ్ళలో వుంది. తెలంగాణలో 2022లో మోటారుసైకిళ్ళ పాత చలాన్లు నాలుగోవంతు కడితే చాలన్నారు కూడా. ఆ అలవాటు విమానం ఎక్కించుకుపోతే మటుకు ప్రమాదం.

ఇక అక్క భయపడ్డ ఉత్తర్వు. 2025 ఆగస్టు 15న అక్కడి పౌరసత్వ, వలస సేవల శాఖ దాన్ని జారీచేసింది. నేరాల జాబితాలో లేనంత మాత్రాన సరిపోదు, మనిషి నడవడిని సమగ్రంగా చూడండని అధికారులకు చెప్పింది. నేరం కాకపోయినా పౌరబాధ్యతకు తగని పనులకు ఉదాహరణ ఇస్తూ, నిర్లక్ష్యంగా గాని, అలవాటుగా గాని చేసే ట్రాఫిక్ ఉల్లంఘనలని పేరుపెట్టి మరీ చెప్పింది. ఒకసారి జరిగినదాన్ని అలవాటు అనరు. కాని నాలుగేళ్ళలో అరడజను టిక్కెట్లు పోగేసుకున్న కుర్రవాళ్ళు మునుపటంత ధీమాగా వుండే రోజులు పోయాయి.

ఇంత చదివినా అక్క అసలు ప్రశ్న మిగిలే వుంది. చెప్పకపోతే ఏం?

ఈ ప్రశ్న అక్కడి సుప్రీంకోర్టులో ఇంచుమించు ఈ రూపంలోనే నలిగింది. దివ్‌నా మస్లెన్యాక్ అనే ఆవిడ బోస్నియా నుంచి శరణార్థిగా వచ్చి పౌరురాలయింది. భర్త అక్కడి సైన్యంలో పనిచేసిన సంగతి దాచిందని ఆవిడ పౌరసత్వం తీసేశారు. 2017 ఏప్రిల్‌లో వాదనల సమయంలో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, తానొకప్పుడు 55 మైళ్ళ హద్దువున్న చోట 60 మైళ్ళ వేగంతో కారు నడిపానని, దొరకలేదని చెప్పాడు. అరెస్టు కాకపోయినా నేరం చేశావా అని ఫారం అడుగుతుంది కదా, నేనది రాయకపోతే ఇరవయ్యేళ్ళ తరవాత మీరు తలుపు తట్టి నువ్వు పౌరుడివి కావు పొమ్మంటారా అన్నాడు. ప్రభుత్వ వకీలు, చెప్పవలసిందేనన్నాడు. జూన్ 22న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ప్రభుత్వ వాదన తోసిపుచ్చారు. ఆ నేరం కింద శిక్షించి పౌరసత్వం తియ్యాలంటే, చెప్పిన అబద్ధానికి పౌరసత్వం రావడంలో పాత్ర వుండాలన్నారు.

ఇది చదివి నేను సంతోషించాను, అక్క గట్టెక్కిందని. తరవాత పేజీలు చదివేసరికి సంతోషం పోయింది. తీర్పు రాసిన ఎలీనా కేగన్ ఒక మెలిక స్పష్టంగా వుంచింది. పౌరసత్వం కోసం ప్రమాణం చేసి నోటితో అబద్ధం చెబితే ఆ అబద్ధమే అనర్హత. 1988లో కుంగిస్ కేసులోనే ఆ కోర్టు ఈ మాట చెప్పింది: దాచిన సంగతి ఎంత అల్పమైనదన్నది లెక్కలోకి రాదు. ఇంటర్వ్యూలో ఆఫీసరు మొట్టమొదట చేయించేది ప్రమాణమే. ఆ పైన ఫారంలోని ప్రశ్నలు మళ్ళీ నోటితో అడుగుతాడు. అంటే 85 డాలర్ల టిక్కెట్టుకు పౌరసత్వాన్ని ఆపే శక్తి లేదు. దాని గురించి కావాలని చెప్పిన ‘లేదు’కు ఆ శక్తి వుంది.

అక్కకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు పలకలేదు.

“ఆఫీసరుకు చెప్పడం ఎంతసేపురా. వీడికెలా చెప్పను?” అంది చివరికి.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పిందట. మేనల్లుడు మర్నాడు నాకు ఫోను చేశాడు. “మావయ్యా, అమ్మ మీతో చెప్పి నాతో చెప్పలేకపోయింది చూడండి. నా దరఖాస్తు నాటికి నాకు రెండు స్పీడు టిక్కెట్లున్నాయి. రాసే పంపాను. అమ్మకి తెలిస్తే భయపడుతుందని నేనూ చెప్పలేదు” అన్నాడు. తల్లీ కొడుకులిద్దరూ ఒకరినుంచి ఒకరు ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఇదీ! ఫారం దిద్దారు. అక్కరలేదన్నా వినకుండా అక్క, కోర్టునుంచి జరిమానా చెల్లినట్టు ధ్రువపత్రం కూడా తెప్పించి పెట్టుకుంది.

సంక్రాంతి వెళ్ళాక ఇంటర్వ్యూ అయింది. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేయించి, ఆ ప్రశ్న రాగానే, “ఒకసారి. 2022లో. స్టాప్ గుర్తు దగ్గర. 85 డాలర్లు. కట్టేశాను” అని ఎక్కం అప్పగించినట్టు చెప్పిందట. ఆఫీసరు, ఇంకేమైనా వున్నాయా అని అడిగి, లేవంటే ఏదో రాసుకుని తరవాత ప్రశ్నకు పోయాడట. ధ్రువపత్రం సంచీలోనే వుండిపోయింది. అక్క కోపం దాని మీద కాదు. ఆవిడ అక్టోబరు 20కి ముందే దరఖాస్తు పెట్టింది గనుక వంద ప్రశ్నల పాత పరీక్షే వర్తించింది. పదింటిలో ఆరు చెబితే చాలు. మొదటి ఆరూ సరిగ్గా చెప్పేసరికి ఆఫీసరు ఆపేశాడట. “వందా బట్టీపట్టానురా, ఆరు అడిగాడు” అని ఇప్పటికీ అంటూంటుంది.

ప్రమాణోత్సవానికి పిలుపుగా ఎన్-445 అనే కాగితం వచ్చింది. దాని వెనకవైపు మళ్ళీ ప్రశ్నలు. ఇంటర్వ్యూ అయిన నాటినుంచి ఈ రోజుదాకా ఏ చట్టమైనా ఉల్లంఘించి జరిమానా గాని శిక్ష గాని పడిందా, ‘ట్రాఫిక్ ఉల్లంఘనలతో సహా’ అని వుంది. అది చదివి అక్క కారు తాళాలు కోడలి చేతికిచ్చేసింది. మూడు వారాలు మనవడు బడినుంచి తల్లితోనే వచ్చాడు.

ప్రమాణం రోజున గ్రీన్‌కార్డు వాళ్ళు తీసుకుని ధ్రువపత్రం ఇచ్చారు. మర్నాడు అక్క మళ్ళీ తాళాలు పుచ్చుకుంది.

“ఇప్పుడు ఆ నాలుగురోడ్ల దగ్గర ఎంతసేపు ఆగుతున్నావక్కా?” అని అడిగాను.

“పది లెక్కపెడతాను. వెనకవాళ్ళు హారను కొడతారు, కొట్టుకోనీ” అంది.