పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్రపంచ పోలీసు: అపోహలు – వాస్తవాలు

బలమైన దేశం లోకానికి పోలీసుగా వ్యవహరించవచ్చా అన్న చర్చ సాధారణంగా యుద్ధాల సందర్భంలోనే సాగుతుంది. లాటిన్ అమెరికా దేశాల్లో పాలన గాడి తప్పితే సరిదిద్దే పోలీసు అధికారం తమకు ఉంటుందని 1904లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనాలను ‘నలుగురు పోలీసులు’గా ఊహించుకోగా, ఆ ఊహే ఫ్రాన్స్‌ను కూడా కలుపుకొని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వంగా స్థిరపడింది. అయితే ఇదే ప్రశ్న సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లోనూ, వాటి పక్కనే కాలనీలుగా పెరిగిన ఇంద్రేశం వంటి ఊళ్లలోనూ సైన్యం ఊసే లేకుండా దశాబ్దాలుగా ఎదురవుతోంది. అక్కడికి వచ్చే పోలీసు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, అంటే అందరి నోటా నలిగే ఎఫ్‌డీఏ. ఆ సంస్థ అధికారి పదివేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చి ఫ్యాక్టరీ రికార్డులు తిరగేసి వెళ్తే, ఆ తర్వాత కొన్ని వందల కుటుంబాల జీతాలు ఆ నివేదిక మీద ఆధారపడి ఉంటాయి. ఈ పోలీసు గురించి పారిశ్రామిక వాడలోనూ బయటా ప్రచారంలో ఉన్న అపోహలను పరిశీలిస్తే, అసలు వాదంలోనే ఎక్కడో మెలిక ఉందని తేలుతుంది.

అపోహ: అమెరికా అధికారికి మన గడ్డ మీద చట్టపరమైన అధికారం ఉంది.

వాస్తవం: లేదు. భారతదేశంలోని ఫ్యాక్టరీకి తాళం వేసే అధికారం గానీ, లైసెన్సు రద్దు చేసే అధికారం గానీ, ఒక్క ఉద్యోగిని ప్రశ్నించడానికి పిలిపించే అధికారం గానీ ఎఫ్‌డీఏకు లేవు. దాని అధికారమంతా అమెరికా రేవుల దగ్గరే ఉంది. 1938 నాటి అమెరికా ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం, నిర్ణీత తయారీ పద్ధతులను పాటించకుండా చేసినట్టు కనిపించే మందును దేశంలోకి రానివ్వకుండా ఆపవచ్చు. ఆ పద్ధతులనే జీఎంపీ అంటారు. శుభ్రత, యంత్రాల నిర్వహణ, ప్రతి బ్యాచ్‌కు సంబంధించిన రికార్డు, పరీక్షల సమాచారం అన్నీ దానిలోకే వస్తాయి. తనిఖీ చివరి రోజున అధికారి తాను గమనించిన లోపాలను రాసి ఇచ్చే కాగితం ‘ఫారం 483’. క్వాలిటీ విభాగంలో పనిచేసేవారు దానిని ‘ఫోర్ ఎయిటీ త్రీ’ అని వ్యవహరిస్తారు. కంపెనీ ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే, అందరూ చదవగలిగేలా హెచ్చరిక లేఖ వెలువడుతుంది. విషయం మరీ తీవ్రమైతే ఆ ఫ్యాక్టరీ పేరు ఇంపోర్ట్ అలర్ట్ జాబితాకు ఎక్కుతుంది. ఆపైన అక్కడి నుంచి వచ్చే సరుకును పరీక్షించి చూడాల్సిన అవసరం కూడా లేకుండా రేవులోనే నిలిపివేయవచ్చు.

తనిఖీకి ఒప్పుకోకుండా ఉండే స్వేచ్ఛ కంపెనీకి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, తనిఖీని నిరాకరించిన లేదా జాప్యం చేసిన ఫ్యాక్టరీ మందును కల్తీ సరుకుగానే పరిగణించాలని 2012లో ఆ చట్టానికి చేసిన సవరణ చెబుతోంది. ఆ సవరణ చట్టంలోనే ఉన్న మరో భాగం ప్రకారం జనరిక్ మందుల తయారీదారులు, అంటే పేటెంటు గడువు తీరిన మందులను తయారుచేసేవారు, ఎఫ్‌డీఏకు ఏటా రుసుము కట్టాలి; విదేశీ ఫ్యాక్టరీ అయితే స్వదేశీ ఫ్యాక్టరీ కంటే 15,000 డాలర్లు అదనంగా చెల్లించాలి. తనిఖీ చేసేవాడి దారి ఖర్చు తనిఖీకి గురయ్యేవాడే భరించే ఏర్పాటు ఇది. బలప్రయోగం లేకుండానే లొంగదీసుకోవచ్చనడానికి ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అపోహ: భారతీయ కంపెనీల ఎదుగుదలను ఓర్వలేక అమెరికా ఆడుతున్న నాటకమే ఈ తనిఖీలు.

వాస్తవం: వ్యాపార స్వార్థం అంతర్జాతీయ వ్యవహారాల్లో ఎప్పుడూ ఉంటుంది గనుక ఈ అనుమానం పూర్తిగా నిరాధారమని కొట్టిపారేయనవసరం లేదు. కానీ ఈ చట్టం పుట్టుక వేరు. 1937లో అమెరికాలోనే ఒక కంపెనీ సల్ఫా మందును డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషపూరిత ద్రావకంలో కలిపి అమ్మగా, వందమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది. ఆ దుర్ఘటన తర్వాతే 1938 చట్టం వచ్చింది. అమెరికాలోని ఫ్యాక్టరీలకు కూడా అవే తనిఖీలు, అవే హెచ్చరిక లేఖలు ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే చాలాకాలం స్వదేశీ ఫ్యాక్టరీల పట్లే ఆ సంస్థ ఎక్కువ కఠినంగా ఉంది: అక్కడ అధికారి చెప్పకుండా వచ్చి తలుపు తట్టేవాడు, విదేశాల్లో మాత్రం వారాల ముందే కబురు పంపి వచ్చేవాడు. భారతదేశంలో ముందస్తు సమాచారం లేని తనిఖీలను 2014 ప్రాంతంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత ఆపేశారు. విదేశాల్లో అలాంటి తనిఖీలను విస్తరిస్తామని ఎఫ్‌డీఏ మళ్ళీ ప్రకటించింది 2025 మే నెలలో. కోవిడ్ కాలంలో, 2020 మార్చి నుంచి, విదేశీ తనిఖీలు దాదాపు నిలిచిపోయినా మందుల ఓడలు మాత్రం నిలిచిపోలేదు.

అపోహ: పోలీసుకు ఎవరి అవసరమూ ఉండదు, ఆంక్షలు విధించడం అతడికి చిటికెలో పని.

వాస్తవం: 2022 నవంబరులో గుజరాత్‌లోని ఒక ఔషధ ఫ్యాక్టరీలో జరిగిన తనిఖీలో తీవ్రమైన లోపాలు బయటపడటంతో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు అమెరికాకు పెద్ద మొత్తంలో అక్కడి నుంచే వెళ్ళేది కాబట్టి, 2023లో ఆ దేశంలోని ఆసుపత్రులు ఆ మందును రోగులకు ఆచితూచి పంచవలసి వచ్చింది. చివరికి తమ దేశంలో ఆమోదం లేని చైనా తయారీ సిస్‌ప్లాటిన్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకోవడానికి ఎఫ్‌డీఏయే అనుమతి ఇచ్చింది. దొరకడం కష్టమైన మందులకు ఇంపోర్ట్ అలర్ట్ నుంచి మినహాయింపులు ఇవ్వడం కూడా ఉన్నదే. చౌకగా మందులు చేసిపెట్టే పని పటాన్‌చెరు వంటి చోట్లకు తరలిపోయిన తర్వాత, నిఘా పెట్టేవాడు నిఘాకు గురయ్యేవాడి మీద ఆధారపడక తప్పదు.

అపోహ: అమెరికా తనిఖీలో నెగ్గిన ఫ్యాక్టరీ అన్ని విధాలా మంచి ఫ్యాక్టరీ.

వాస్తవం: ఈ ప్రాంతం వారికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇది. ఎఫ్‌డీఏ చూసేది అమెరికా రోగి నోట్లో పడే మాత్ర స్వచ్ఛమైనదా కాదా అన్న ఒక్క విషయాన్నే. ఆ మాత్రను తయారుచేయగా మిగిలిన నీరు ఎటు పోతుందో, రియాక్టరు పక్కన నిలబడ్డ కాంట్రాక్టు కార్మికుడికి రక్షణ ఉందో లేదో చూడటం దాని పని కాదు.

1970ల నుంచి పెరిగిన ఈ పారిశ్రామిక వాడల వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా హైదరాబాద్ తాగునీటి ఆధారాల్లో ఒకటైన మంజీరలోకి పారిన చరిత్ర చాలా పెద్దది. వాగు నీటితో పండించుకునే రైతుల పొలాలు పాడైపోగా, 1990లోనే ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. నష్టపోయిన రైతులకు పరిహారం చెల్లించాలన్న ఆదేశాలూ దాని ఫలితమే. పటాన్‌చెరులో వైద్యవృత్తిలో ఉంటూ ఈ పోరాటాన్ని దశాబ్దాల పాటు నడిపిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు కోర్టుల చుట్టూ తిరుగుతున్న ఆ రోజుల్లోనే, అవే పారిశ్రామిక వాడల నుంచి మందులు అమెరికా, ఐరోపా మార్కెట్లకు నిక్షేపంగా వెళ్తూ ఉండేవి.

2007లో స్వీడన్‌కు చెందిన గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ఈ వైరుధ్యాన్ని అంకెల్లో చూపింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, అంటే శుద్ధి అయిన తర్వాతి నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు వారు గుర్తించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఒక్క రోజులో ఆ నీటితో పాటు పోయే మందు 45 కిలోలు ఉంటుందనీ, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దాదాపు ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానమనీ లెక్కగట్టారు. ఇంత మోతాదులో యాంటీబయాటిక్ నిరంతరం పారే చోట, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రమే బతికి బట్టకట్టి వృద్ధి చెందుతుంది. దీనినే యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. నిరోధకత సంతరించుకున్న సూక్ష్మజీవి ఏ రేవులోనూ పత్రాలు చూపించి దిగదు గనుక, తన గుమ్మం వరకే కాపలా కాసే దేశానికి సైతం దాని నుంచి పూర్తి రక్షణ లేదు. శుద్ధిచేసిన నీటిని తర్వాతి కాలంలో పైపులైను ద్వారా హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి కేంద్రానికి మళ్ళించినా, యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితి ఎంత అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ముసాయిదాలో ప్రతిపాదించిన పరిమితులు 2021లో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో కనిపించలేదు. యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 2024లో గానీ రాలేదు, అవి కూడా పాటించి తీరాలన్న నిర్బంధం లేనివే.

కార్మికుల భద్రత విషయమూ ఇంతే. 2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రలకు రూపం ఇవ్వడానికి వాడే సెల్యులోజ్ పొడిని తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి చోట యంత్రాల వేడి ఎంత, గాలిలో ధూళి ఎంత, ప్రమాదం జరిగితే బయటపడే దారి ఏది అన్నవి రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ చూడాల్సిన సంగతులు. ఏ విదేశీ తనిఖీ అధికారి పరిధిలోనూ అవి లేవు.

కాబట్టి ఎఫ్‌డీఏను ప్రపంచ పోలీసు అని పిలవడమే ఈ వాదంలోని మెలిక. అది ప్రపంచం నలుమూలలా తిరిగే అమెరికా ఇంటి కాపలాదారు మాత్రమే. తన పౌరులకు జవాబు చెప్పుకోవాల్సిన సంస్థ తన పౌరులనే కాపాడటంలో తప్పేమీ లేదు. దాని ముద్ర చూసి మంజీర ఒడ్డున ఉన్నవారు ధైర్యంగా ఉండవచ్చని అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

అపోహ: అమెరికాకు మందులు పంపే కంపెనీ పేరు చూసి కొంటే, సంగారెడ్డి మెడికల్ షాపులోని మందుకూ అదే నిఘా ఉన్నట్టే.

వాస్తవం: ఒకే కంపెనీకి వేర్వేరు మార్కెట్ల కోసం వేర్వేరు ఫ్యాక్టరీలు లేదా బ్లాకులు ఉండవచ్చు. ఇక్కడ అమ్మే మందుకు వర్తించేది 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం. తయారీ లైసెన్సు, తనిఖీ ప్రధానంగా రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం చేతిలో ఉంటాయి. ఇక్కడి మందు తప్పనిసరిగా నాసిరకమని దీని అర్థం కాదు, దాన్ని చూసే కన్ను వేరని మాత్రమే. తయారీ ప్రమాణాలను వివరించే ‘షెడ్యూల్ ఎం’ను కేంద్రం 2023 డిసెంబరులో గణనీయంగా సవరించింది గానీ, చిన్న, మధ్య తరహా కంపెనీలకు గడువును 2025 చివరి దాకా పొడిగించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో తమిళనాడు తయారీ దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ మందులో దొరికింది 1937లో అమెరికాలో ప్రాణాలు తీసిన డైఎథిలీన్ గ్లైకాలే. చట్టం లేక జరిగిన ఘోరం కాదిది, ఉన్న చట్టాన్ని అమలు చేసే మనిషి సమయానికి ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టకపోవడం వల్ల జరిగినది.

అపోహ: షరతులు పెట్టడం బలమైన దేశాలకే చెల్లుతుంది.

వాస్తవం: పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా విషయం ఇందుకు భిన్నం. 2022లో భారతదేశంలో తయారైన దగ్గు మందులతో ముడిపడి అక్కడ దాదాపు 70 మంది పిల్లలు మరణించారని పరిశోధకులు తేల్చారు. వాటిలోనూ అదే డైఎథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది అక్టోబరులో హెచ్చరించింది. మందుల నాణ్యతను పరీక్షించే సొంత ప్రయోగశాల కూడా అప్పటికి ఆ దేశానికి లేదు. గాంబియాకు సైన్యబలం లేదు, దాని మార్కెట్‌ను కోల్పోతే దిగులుపడే ఎగుమతిదారు కూడా లేడు. అయినా భారతదేశం నుంచి వచ్చే ప్రతి మందునూ ఓడ ఎక్కించక ముందే, భారతదేశంలోనే ఒక ప్రైవేటు ప్రయోగశాల చేత పరీక్ష చేయించాలని 2023 జులై 1 నుంచి షరతు పెట్టింది. అంతకు నెల రోజుల ముందు, జూన్ 1 నుంచి, దగ్గు మందుల ఎగుమతికి ప్రభుత్వ ప్రయోగశాల ధ్రువపత్రాన్ని భారతదేశమే తప్పనిసరి చేసింది. ఆ నిబంధన ఎగుమతులకే పరిమితం కావడంతో ఛింద్వాడా పిల్లలు తాగిన సీసాకు అది వర్తించలేదు.