హార్మోనియము పెట్టె – దాని లోగుట్టు

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో సురభివారి నాటకములు చూచినవారికి హార్మోనియము నాదము క్రొత్త కాదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన ఆ సమాజమునకేగాక, తెలుగు పద్యనాటకమునకంతకును ఈ పెట్టె ప్రాణసమానము. నటుడు పద్యమెత్తుకొనక పూర్వమే హార్మోనిస్టు శ్రుతిని అందించును. నటుడు రాగము సాగదీయునప్పుడు వెన్నంటి నడచును.

ఈ వాద్యమును గూర్చి రేడియోవారమైన మేము చెప్పబూనుటలో ఒక విశేషము కలదు. 1940 మార్చి 1వ తేదీ నుండి ఆలిండియా రేడియో తన కేంద్రములలో హార్మోనియమును నిషేధించినది. డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరిన పిమ్మట హైదరాబాదు కేంద్రమునకును అదే నియమము వర్తించినది. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. రంగస్థలమున రాణించిన వాద్యమునకు రేడియోలో ముప్పది యేండ్లు చోటు లేకపోవుటకు కారణమేమి? పెట్టె విప్పి చూచినచో సమాధానము దొరకును.

పాశ్చాత్యుల పియానోకును దీనికిని మెట్ల వరుస ఒక్కటే. లోపలి పని వేరు. పియానోలో మెట్టు నొక్కగానే ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి తంతిని కొట్టి వెనుకకు మరలును. తంతులను నేలకు సమాంతరముగ పరచినది గ్రాండు పియానో. నిలువుగ బిగించినది అప్‌రైటు పియానో. రెండు వందలకు పైబడిన తంతుల బిగువు మొత్తము సుమారు 20 టన్నులుండును గనుక లోన ఇనుప చట్రము తప్పదు.

హార్మోనియములో తంతియే లేదు. సన్నని ఇత్తడి నాలుక ఒక కొన బిగింపబడి, రెండవ కొన గాలికి ఆడుచుండును. దీనినే రీడు అందురు. పొడుగు నాలుక మంద్రముగను, పొట్టి నాలుక తారముగను పలుకును. మనము ఊదు తిత్తి గాలిని లోపలి తిత్తికి పంపును. లోపలి తిత్తిని స్ప్రింగులు ఒత్తుచుండుటచే గాలి ఒకే వేగమున వెలువడును. మెట్టు నొక్కినప్పుడు దాని క్రింది తోలుమూత లేచి గాలి రీడును చేరును.

1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబైన్ ఈ పేర పేటెంటు పొందిన వాద్యము కాలితో త్రొక్కునది. చేతులు రెండును మెట్లపై ఆడగలవు, నాదమును పెద్దది. మైకులు లేని కాలమున నాటకమునకు అదియే తగినది. నేలపై కూర్చుండి వాయించు చేతిపెట్టెను 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు రూపొందించెను. భజనలలో మనము చూచునది ఇదియే. మెట్లు లేక ఆధారశ్రుతిని మాత్రమే ఇచ్చునది శ్రుతిపెట్టె.

ఇక ఆక్షేపణ విషయము. రీడు పొడుగు మారదు గనుక దాని స్వరమును మారదు. వైణికుడు తంతిని లాగి ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారగలడు. హార్మోనిస్టుకు ఒక మెట్టు విడిచి మరియొక మెట్టు పట్టుటయే గతి. స్థాయికి పండ్రెండే స్వరములు, వాని నడుమ దూరములును సమానములు. గమకమే ప్రాణమైన మన సంగీతమునకు ఇది లోటే. అయినను అలసిన గాయకునకు జారని శ్రుతిని ఇచ్చునదియు ఆ మారని రీడే. లోపమును ఉపకారమును ఒక్క ఇత్తడి ముక్కలోనే ఉన్నవి. నేర్పరియైన హార్మోనిస్టు ఆ లోపమును ఎరిగి, గమకమున్నచోట తగ్గి, విరామమున్నచోట నింపును.

ఇప్పుడు సంరక్షణ. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఎండకు కొయ్య ఎండి బీటలిచ్చును. జూలై, ఆగస్టు నెలల తేమకు ఉబ్బి మెట్లు పట్టివేయును. కావున పెట్టెను ఎండ పడు కిటికీ చెంతను, చెమ్మగోడ ప్రక్కను ఉంచరాదు. నేలపై గాక పీటపై ఉంచవలెను. ఎలుకలు తోలును కొరుకకుండ మూత వేయవలెను. వాయించిన పిమ్మట ఒకటి రెండు మెట్లు నొక్కి లోపలి గాలిని విడిచి, ఆ మీదట తిత్తిని మూయవలెను.

మెట్టు నొక్కకయే ఒక స్వరము మ్రోగుచున్నచో తోలుమూత సరిగా కూర్చుండలేదన్నమాట. నొక్కినను పలుకకున్నచో రీడున దుమ్ము చేరియుండవచ్చును. మెత్తని కుంచెతో తుడిచిన చాలును. నూనె ఎన్నడును వేయరాదు. శ్రుతి తప్పినచో స్వయముగ ఆకురాయి పట్టవలదు. నాలుక కొనను గీకిన స్వరము హెచ్చును, మొదలు గీకిన తగ్గును. గీకిన ఇత్తడి మరల రాదు. అది చేయి తిరిగినవాని పని.

హిమాయత్‌నగర్ వంటి పాతపేటలలో అటకనెక్కిన పెట్టె ఏ ఇంటనైన ఉన్నచో క్రిందికి దించి తుడువుడు. వారమునకొకమారు పది నిమిషములు వాయించినచో తిత్తి మెత్తబడును, రీడు మేలుకొనును. ఊరకుంచిన పెట్టెయే త్వరగ చెడును.