నగరము కాలినను నిలిచిన సంఘము

ఏథెన్సు నగరమునకు దక్షిణమున నేయా స్మిర్ని, అనగా నూతన స్మిర్నా, అను ఉపనగరము కలదు. అచ్చటి పానియోనియోసు ఫుట్‌బాలు సంఘము ఏమంత పెద్దది కాదు. గ్రీసు దేశపు లీగు విజయము దానికి ఒక్కమారైనను లభింపలేదు. 1951లోను, 1971లోను ద్వితీయస్థానముతో తృప్తినొందినది. అయినను దాని చరిత్రము పెక్కు విజేతల చరిత్రములకంటె పఠనీయమని మా అభిప్రాయము. ఏలన, ఈ సంఘము పుట్టిన ఊరు వేరు, నిలిచిన ఊరు వేరు.

పేరు మొదట చూడుడు. పాన్ అనగా సర్వము. అయోనియా అనగా ఆసియామైనరు పశ్చిమతీరము. పాణిని యెరిగిన యవన శబ్దము ఈ అయోనియా నామమునకు జ్ఞాతియే. కావున దీనిని సర్వయవన సంఘమనుట అనుచితము కాదు.

ఆ తీరమున ప్రధానమైన రేవుపట్టణము స్మిర్నా. నేడది తుర్కీ దేశపు ఇజ్మీరు. సుల్తానుల యేలుబడిలో గ్రీకులు, తురుష్కులు, ఆర్మేనియనులు, యూదులు, ఐరోపా వర్తకులు కాపురముండిన ఆ పట్టణమున 1890లో ఆర్ఫియసు అను సంగీత వ్యాయామ సమాజము వెలసెను. వ్యాయామముపై మక్కువ హెచ్చుగాగలవారు 1893లో చీలిపోయి జిమ్నేసియన్ అను వేరొక సంఘము పెట్టుకొనిరి. 1898లో రెండును ఏకమై పానియోనియోసు అయినది. సమాజములు చీలుటయు, మరల కూడుటయు మన చదువరులకు క్రొత్త సంగతి కాదు గదా!

1919 మే నెలలో గ్రీకు సైన్యము స్మిర్నాలో దిగెను. ఆ దురాశకు ఫలము సామాన్యజనులు అనుభవించిరి. మూడేండ్ల యుద్ధమున గ్రీకులు ఓడగా, 1922 సెప్టెంబరు 9వ తేదీన తురుష్కసైన్యము పట్టణము ప్రవేశించెను. 13వ తేదీన అగ్ని పుట్టి, గ్రీకు, ఆర్మేనియను వాడలు భస్మమయ్యెను. ఖిలాఫతు ఉద్యమకాలమున మన దేశము కెమాలు పాషా విజయమునకు హర్షించిన దినములవి. రేవుగట్టుపై ఓడలకొరకు నిరీక్షించిన జనుల ఆర్తి ఆ హర్షములో మునిగిపోయెను. 1923 జనవరిలో లోసానులో కుదిరిన ఒడంబడిక మతమునే ప్రమాణముగా గొని, సుమారు 12 లక్షల క్రైస్తవులను గ్రీసునకును, నాలుగు లక్షలకు లోబడిన ముస్లిములను తుర్కీకిని చేర్చెను. అందు పెక్కుమంది క్రైస్తవులు అప్పటికే పారిపోయి వచ్చినవారు. మనుష్యులను మూటలవలె మార్చుకొను ఈ విధానమును రాజనీతి యని పొగడినవారును గలరు, మేము పొగడజాలము.

కాందిశీకులను గ్రీసు ఆదరముతో నెత్తికెత్తుకొనలేదు. తురకవిత్తనములని దూషించినవారు వారి మతస్థులే, వారి భాషవారే. అట్టి స్థితిలో గుడిసెలకంటె ముందు ఆటలసంఘ మేల యని యడుగవచ్చును. ఊరు, ఇల్లు, శ్మశానము సర్వము పోయినవానికి పది మందితో కలిసి తన ఊరిపేరు పలుకుటకు ఒక చోటు వలయును. పానియోనియోసువారు ఏథెన్సులో మరల కూడిరి; 1939లో నూతన స్మిర్నాలో క్రీడారంగము వెలసెను. సంఘపు పూర్తి నామమున మాత్రము నేటికిని స్మిర్నాయే కలదు, నూతన స్మిర్నా లేదు.

1979 జూనులో గ్రీకు కప్పు అంతిమపోటీలో ఎదిరి ఏ.ఇ.కె. సంఘము. అదియు 1924లో కాన్‌స్టాంటినోపిలు కాందిశీకులు స్థాపించినదే. పానియోనియోసున పెరిగి, గ్రీకు లీగున 260 గోలులతో అగ్రగణ్యుడైన మావ్రోసు అప్పుడు ఏ.ఇ.కె.లో నుండెను. పానియోనియోసు 3–1తో గెలిచెను. 1998లో పానథినైకోసును 1–0తో ఓడించి కప్పును రెండవమారు గైకొనెను. మరుసటి యేట ఐరోపా కప్పువిజేతల పోటీలో క్వార్టరు ఫైనలు వరకు పోయి, ఇటలీకి చెందిన లాత్సియో చేతిలో ఓడెను.

ఆ 1979లోనే శాసనముచే గ్రీకు ఫుట్‌బాలు వృత్తిగా మారి, జట్లు వాటాల కంపెనీలైనవి. సభ్యుల చందాతో నడచినది ధనికుల చేతికి పోయెను. ఫలితము మెల్లగా వచ్చినది. అప్పుల భారముతో క్రుంగి, 2020లో పానియోనియోసు అగ్రశ్రేణినుండి జారి, క్రింది శ్రేణులలో ఆడవలసినదాయెను. అచ్చటినుండి రెండవ శ్రేణికి మరల ఎక్కినది. కంపెనీ చితికినను, స్మిర్నానుండి వచ్చిన మాతృసంఘము మాత్రము చితుకలేదు.