ఇంటద్దె సాయం - లెక్కల రాజకీయం

ఏ సంక్షేమ పథకానికైనా రెండు ముఖాలుంటాయి. ఒకటి, ఎవరు అర్హులో చెప్పే ముఖం. ఇంత ఆదాయం లోపు వాళ్ళు, ఈ కులాల వాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు అని జీవోలో రాసి ఉంటుంది. రెండోది, ఆ పథకానికి ఈ ఏడాది ఏ లెక్కన ఎంత డబ్బు వస్తుందో చెప్పే ముఖం. మనం ధర్నాలు చేసేది, అర్జీలు పెట్టేది ఎక్కువగా మొదటిదాని గురించే. రెండోది గుమాస్తాల వ్యవహారమని వదిలేస్తాం. కానీ అర్హత నిబంధనలో ఒక్క అక్షరం మార్చకుండా, కేవలం లెక్క మార్చి లక్షల మందిని బయటికి నెట్టవచ్చు. అదెట్లా సాధ్యమో తెలియాలంటే అమెరికాలో పేదలకిచ్చే ఇంటద్దె సాయాన్ని పరిశీలించాలి.

అమెరికా సంగతి మనకెందుకని కొందరు అడగవచ్చు. అక్కడ అద్దె వోచర్లు అందుకుంటున్న దాదాపు 23 లక్షల కుటుంబాల్లో సుమారు సగం నల్లజాతి కుటుంబాలు. దేశ జనాభాలో మాత్రం నల్లజాతి వాళ్ళు నూటికి 13 మందే. కాబట్టి ఈ లెక్కలో జరిగే ప్రతి మార్పూ ముందుగా వాళ్ళ గడపనే తాకుతుంది. చట్టం ముందు అందరూ సమానులైన చోట వివక్ష ఏ దారిన లోపలికొస్తుందనేది మన ప్రశ్న కూడా.

సాయం నడిచే తీరు

1969లో ఎడ్వర్డ్ బ్రూక్ అనే నల్లజాతి సెనేటర్ ఒక సవరణ తెచ్చాడు. ప్రభుత్వ ఇళ్ళలో ఉండే పేదల దగ్గర ఆదాయంలో నాలుగో వంతుకు మించి అద్దె తీసుకోకూడదన్నది దాని సారం. 1974లో వచ్చిన గృహవసతి చట్టం చేర్చిన ఎనిమిదో సెక్షన్ కింద ప్రైవేటు ఇళ్ళలో అద్దెకుండే పేదలకూ సాయం మొదలైంది. 1981లో, రీగన్ అధ్యక్షుడిగా ఉండగా, నాలుగో వంతును నూటికి 30కి పెంచారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబానికి మినహాయింపులు పోను నెలకు 1,000 డాలర్ల ఆదాయం ఉందనుకుందాం. ఆ కుటుంబం 300 డాలర్లు కట్టుకోవాలి. ఇంటద్దె 1,200 అయితే మిగతా 900 డాలర్లను స్థానిక గృహవసతి సంస్థ నేరుగా ఇంటి యజమానికి చెల్లిస్తుంది. ఆ డబ్బు కేంద్రంలోని గృహవసతి, పట్టణాభివృద్ధి శాఖ నుంచి వస్తుంది. పొట్టిగా దాన్ని హడ్ అంటారు.

వినడానికి బాగానే ఉంది. అయితే ఇది హక్కు కాదు. అర్హత ఉన్నవాళ్ళందరికీ ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. పార్లమెంటు ఏటా ఎంత మంజూరు చేస్తే అంతే. అందుకే అర్హులైన ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే ఏదో ఒక రూపంలో కేంద్రం గృహవసతి సాయం అందుతున్నది. మిగతా వాళ్ళు జాబితాల్లో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. చాలా ఊళ్ళలో ఆ జాబితాలో పేరెక్కించుకోవడమే గగనం.

ఏ ఏడాది ఖర్చు లెక్క?

ఒక సంస్థ దగ్గర వెయ్యి వోచర్లున్నాయనుకుందాం. వచ్చే ఏడాది దానికి ఎంతివ్వాలి? 2003 దాకా స్థూలంగా, వాడుకలో ఉన్న వోచర్లకు అసలు ఎంత ఖర్చయితే అంత ఇచ్చే పద్ధతి ఉండేది. 2004లో హడ్ ఈ పద్ధతిని పక్కనబెట్టింది. 2003 ఆగస్టులో ఒక్కో వోచరుకు ఎంత ఖర్చయిందో చూసి, దానికి ధరల పెరుగుదల పేరుతో కొంత కలిపి ఇస్తామన్నది. 2005లో 2004 మే, జూన్, జులై నెలల ఖర్చే కొలబద్ద అయింది. ఆ మూడు నెలల్లో ఏ కారణం చేతనైనా వోచర్లు తక్కువగా వాడుకలో ఉన్న సంస్థ ఆ తక్కువకే కట్టుబడి ఉండాల్సి వచ్చింది.

దీని ఫలితం ఏమిటో మన ఉదాహరణలోనే చూద్దాం. వెయ్యి కుటుంబాలకు తలా 900 చొప్పున నెలకు 9 లక్షల డాలర్లు కావాలి. అద్దెలు పెరిగి, కొందరికి పనులు పోయి, సగటు ఖర్చు 960కి చేరిందనుకోండి. డబ్బు మాత్రం 9 లక్షలే వచ్చింది. దాంతో 937 కుటుంబాలకు మించి సాయం చెయ్యలేరు. 63 కుటుంబాలు ఏమైనట్టు? వాళ్ళను వెళ్ళగొట్టమని ఏ ఉత్తర్వూ రాదు. పాతవాళ్ళు ఖాళీ చేసిన వోచర్లను కొత్తవాళ్ళకు ఇవ్వకుండా ఆపేస్తారు, అంతే. లేదంటే చెల్లింపు పరిమితి తగ్గిస్తారు, అప్పుడు తేడా కుటుంబం నెత్తిన పడుతుంది. చట్టం నూటికి 30 అంటుంది గానీ, ఆ కుటుంబం 40 కడుతూ ఉంటుంది. 2004-2006 మధ్య ఈ పద్ధతి వల్ల సుమారు లక్షన్నర కుటుంబాలకు సరిపడా వోచర్లు వాడుకలోంచి పోయాయని వాషింగ్టన్‌లోని బడ్జెట్, విధాన ప్రాధాన్యాల కేంద్రం అంచనా వేసింది. అంత జరిగినా అర్హత నిబంధనలో మార్పేమీ లేదు.

గొడవ జరిగాక 2007లో పార్లమెంటు లెక్క మార్చింది. తాజా పన్నెండు నెలల అసలు ఖర్చు ఆధారంగా డబ్బివ్వాలన్నది. అయినా ఒక మెలిక మిగిలింది. మొత్తం మంజూరు చాలకపోతే అందరికీ ఒకే నిష్పత్తిలో కోత పెడతారు. 2013లో అనేక కేంద్ర ఖర్చులకు కోత పడినప్పుడు సంస్థలకు లెక్క ప్రకారం రావలసిన ప్రతి నూరు డాలర్లకూ సుమారు 94 డాలర్లే వచ్చాయి. ఆ కోత కూడా వోచర్ల సంఖ్య తగ్గడం రూపంలోనే పేదల దాకా వచ్చింది.

వివక్ష లెక్కలో ఎట్లా చేరుతుంది?

అసలు చిక్కు ఇక్కడుంది. వోచరు చేతికివ్వగానే ఇల్లు దొరకదు. కుటుంబమే ఇల్లు వెతుక్కోవాలి. మొదటి గడువు కనీసం 60 రోజులు. పొడిగింపు సంస్థ ఇష్టం. ఆలోగా ఇల్లు దొరక్కపోతే వోచరు వెనక్కి పోతుంది.

ఇల్లుగలవాళ్ళు వోచరు తీసుకుని తీరాలని కేంద్ర చట్టంలో లేదు. 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, న్యాయమైన గృహవసతి చట్టం వచ్చింది. రంగు చూసి ఇల్లివ్వననడం దాంతో చట్టవిరుద్ధమైంది. కానీ ‘వోచరు వాళ్ళకు ఇవ్వం’ అనడం ఆ చట్టం పరిధిలోకి నేరుగా రాదు. కొన్ని రాష్ట్రాలు, నగరాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అయిదు చోట్ల పరిశీలించింది. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో నూటికి 78 మంది యజమానులు, లాస్ ఏంజెలిస్‌లో 76 మంది వోచరు అనగానే కాదన్నారు. అప్పటికే నిషేధ చట్టం ఉన్న వాషింగ్టన్ నగరంలో 15 మందే కాదన్నారు.

ఇప్పుడు ఈ రెంటినీ కలిపి చూడండి. యజమానులు కాదన్నారు, వోచర్లు వెనక్కి వచ్చాయి. ఆ ఏడాది సంస్థ ఖర్చు తగ్గింది. మరుసటి ఏడాది డబ్బు పాత ఖర్చును బట్టి గదా వచ్చేది! ఆ డబ్బూ తగ్గింది. అంటే యజమాని చూపించిన వివక్ష కాగితం మీదికి వచ్చేసరికి ‘ఇక్కడ అవసరం తక్కువ’ అనే అంకెగా మారిపోయింది. తలుపు మూసినవాడికి శిక్ష లేదు, తలుపు తట్టినవాళ్ళకు కోత. దీన్ని తటస్థమైన లెక్క అంటారు!

ఏ వాడ అద్దె లెక్క?

రెండో లెక్క, న్యాయమైన మార్కెట్ అద్దెకు సంబంధించింది. ఒక మహానగర ప్రాంతంలో ఈమధ్య చేరినవాళ్ళు కడుతున్న అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చితే నూటిలో నలభయ్యో స్థానంలో వచ్చేదే ఆ అద్దె. సంస్థలు మామూలుగా దానికి 90 నుంచి 110 శాతం మధ్య చెల్లింపు పరిమితి పెట్టుకుంటాయి.

మహానగరమంతటికీ ఒకే అంకె పెడితే ఏమవుతుంది? మంచి బడి, ఆసుపత్రి, పని దొరికే వాడల్లో అద్దె ఆ పరిమితిని దాటిపోతుంది. వోచరు చెల్లేది ఎప్పట్నించో పేద నల్లజాతి వాళ్ళను కుక్కిన వాడల్లోనే. ఆ వాడలు వాటంతటవే ఏర్పడినవి కావు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే పటాల మీద నల్లజాతి వాడలకు ఎర్ర రంగు పూసి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమని ముద్రవేసింది. షికాగోలో ప్రభుత్వ ఇళ్ళను నల్లజాతి వాడల్లోనే కడుతున్నారని డొరొతీ గాట్రో తదితరులు 1966లో కేసు వేశారు. 1976లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో వేల కుటుంబాలు వోచర్లతో శివారు ప్రాంతాలకు వెళ్ళగలిగాయి.

2016లో హడ్ 24 మహానగర ప్రాంతాల్లో పిన్‌కోడు వారీగా అద్దె లెక్కించాలని నిబంధన తెచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక దాన్ని వాయిదా వెయ్యబోతే కోర్టు అడ్డుకున్నది. 2018లో అది అమలులోకొచ్చింది. 2023లో మరో 41 ప్రాంతాలను చేరుస్తున్నట్టు హడ్ ప్రకటించింది. కానీ మొత్తం డబ్బు పెంచకుండా మంచి వాడల్లో ఎక్కువ అద్దె చెల్లిస్తే ఆ మేరకు కుటుంబాల సంఖ్య తగ్గే ప్రమాదముంది. ఒక లెక్కను సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే చాలదు.

మన దగ్గర

ఇట్లాంటి వోచర్ల పథకం మనకు లేదు. కానీ ఈ లెక్కల తీరు మనకు కొత్త కాదు. అద్దెగదుల్లో ఉండి చదువుకునే దళిత విద్యార్థికి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పే గది అద్దె, తిండి ఖర్చు. ఆ పథకంలో ‘కమిటెడ్ లయబిలిటీ’ అనే లెక్క ఉండేది. పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాదిలో ఎంత ఖర్చయిందో అంత, తర్వాతి కాలంలో ఏటా రాష్ట్రమే భరించాలి. దాన్ని మించిన ఖర్చే కేంద్రం ఇస్తుంది. పిల్లలు ఎక్కువమంది చదివిన కొద్దీ రాష్ట్రం మీద భారం పెరిగి, కేంద్రం వాటా కుదించుకుపోయింది. 2017-18 నుంచి 2019-20 వరకు కేంద్రం ఏటా ఇచ్చింది దేశం మొత్తానికి సుమారు 1,100 కోట్లు. 2020 డిసెంబరులో 60:40 నిష్పత్తికి మార్చినప్పుడు ఏటా సుమారు 6,000 కోట్లు ఇస్తామని కేంద్రమే చెప్పింది. విద్యార్థి అదే, అర్హతా అదే. మారింది లెక్క.

ఉప ప్రణాళిక సంగతీ అంతే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం జనాభా నిష్పత్తిలో వాటా ఇవ్వాలన్నది. తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, ఖర్చుకాని సొమ్మును మరుసటి ఏడాదికి బదలాయించాలని చేర్చింది. ఖర్చు చెయ్యని అధికారి తప్పు దళితుల కోతగా మారకూడదన్నది ఆ వాక్యం అర్థం. అది అమలవుతున్నదా లేదా అని ప్రతి మార్చి తర్వాతా అడగాల్సింది మనమే.

ఇల్లు అద్దెకు అడిగితే ముందు కులం అడిగే దేశం మనది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల దళితులకూ ముస్లిములకూ ఇల్లివ్వడంలో వివక్షను సుఖదేవ్ థొరాట్, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. రేపు మన నగరాల్లో అద్దె సాయం పథకమొకటి వచ్చినా, ఇల్లివ్వననే హక్కు యజమానికి ఉన్నంతకాలం ‘లబ్ధిదారులు ముందుకు రాలేదు’ అని ఫైలు మూసేస్తారు.

కాబట్టి ఏ పథకం వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగాలి. డబ్బును ఏ ఏడాది ఖర్చును బట్టి లెక్కగడుతున్నారు? సగటు తీసేది ఊరంతటికీనా, వాడవాడకూనా? ధరలు పెరిగితే ఆ తేడా ఎవరు భరించాలి? మిగిలిపోయిన డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుంది? వీటికి జవాబు రాతపూర్వకంగా రాబట్టుకోకుండా అర్హుల జాబితాలో పేరుందని సంతోషిస్తే, పేరు జాబితాలోనే ఉండిపోతుంది.