ఎండ వెలుగా, గ్యాసు మంటా? బరంపుర వాసులు తెలుసుకోదగిన సంగతులు

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. ఆనాడు బరంపురంలో ఉన్నవారెవరూ ఆ తరువాతి రోజులను మరచి ఉండరు. స్తంభాలు నేలకొరిగి నగరమంతా చీకటిలో మునిగింది. నీటి మోటారు తిరగాలంటే జనరేటరు కావాలి, జనరేటరు తిరగాలంటే డీజిలు కావాలి. సౌర, పవన శక్తులు మేలా, చమురు, సహజవాయువులు మేలా అన్న చర్చ ఎక్కడో ఢిల్లీలో జరిగేదిగా తోచినా, దాని ఫలితం మన ఇంటి దీపానికీ, వంటింటి పొయ్యికీ చేరుతుంది.

ఒకే తీరాన రెండు దారులు

గంజాం తీరంలో ఈ రెండు మార్గాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. గోపాల్‌పూర్ రేవు వద్ద ద్రవీకృత సహజవాయువు టెర్మినల్‌ను పెట్రోనెట్ సంస్థ ప్రతిపాదించింది. విదేశాలలో సహజవాయువును సుమారు మైనస్ 162 డిగ్రీల వరకు చల్లబరచి ద్రవంగా మార్చి ఓడలలో తెస్తారు. ఇక్కడ దానిని తిరిగి వాయువుగా మార్చి గొట్టపు మార్గాల ద్వారా పంపుతారు. ఆ సమీపంలోనే, 1990వ దశకంలో ఉక్కు కర్మాగారం పేరిట రైతుల నుండి సేకరించిన భూమిలో, నేడు టాటా స్టీల్ వారి ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్నది. అక్కడ ఎండ, గాలి ద్వారా లభించే విద్యుత్తుతో హరిత హైడ్రోజన్, హరిత అమ్మోనియా తయారుచేసే కర్మాగారాలకై ఒప్పందాలు కుదిరాయి.

ఉభయ పక్షాల వాదం

సహజవాయువును సమర్థించేవారు చెప్పేది ఇది: విద్యుత్ కేంద్రంలో బొగ్గుకు బదులు గ్యాసును మండిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడు దాదాపు సగానికి తగ్గుతుంది. సూర్యుడు అస్తమించినా, గాలి ఆగినా గ్యాసు కేంద్రం పనిచేస్తుంది. రెండవ పక్షం వారు ఇలా అంటారు: మన దేశం ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి కొంటున్నది. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ ధర పెరుగుతుంది. గొట్టాల నుండి మీథేన్ లీకైతే గ్యాసు వలన కలిగే లాభం తరిగిపోతుంది. ఎండకు మాత్రం ఎవరికీ వెల చెల్లించనక్కరలేదు.

రెండింటిలోనూ సత్యమున్నది. 2025 నాటికి దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే. అయినా వాస్తవంగా ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. రాత్రివేళ సౌర ఫలకం పనిచేయదు కదా!

మూల్యం చెల్లించని శక్తి ఏదీ లేదని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1995లో కోనసీమలోని పాశర్లపూడి చమురు బావి మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆంధ్ర, ఒడిశాలకు ఉమ్మడిగా 1955 నుండి విద్యుత్తునిస్తున్న మాచ్‌ఖండ్ కేంద్రం నదీజలాలతో నడిచేదే. దాని జలాశయంలో గిరిజన గ్రామాలు మునిగిపోయాయి. కనుక ఏ శక్తి మేలు అన్న ప్రశ్నతో పాటు, దాని భారం ఎవరు మోస్తున్నారని కూడా అడగాలి.

మన ఇంటి కప్పు మీద

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల కేంద్ర సాయం లభిస్తుంది. ఒడిశా ప్రభుత్వం తన వంతు సాయాన్ని దీనికి జతచేస్తున్నది. ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు పది చదరపు మీటర్ల నీడలేని చోటు కావాలి. మంచి ఎండ ఉన్న రోజున వాటి నుండి నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. వాడుకోగా మిగిలినది లైనులోకి వెళ్లి, నెట్ మీటరు ద్వారా బిల్లులో తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. బ్యాటరీ లేని సాధారణ అమరిక, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మరమ్మతు చేసే కార్మికుని ప్రాణరక్షణకై చేసిన ఏర్పాటు ఇది. తుపాను రాత్రి కూడా దీపం వెలగాలంటే బ్యాటరీతో కూడిన అమరిక కావాలి, దానికి ఖర్చు ఎక్కువ. ఫలకాల చట్రాన్ని పెనుగాలికి తట్టుకొనేలా కాంక్రీటులో బిగించారా అన్నది తప్పక చూసుకోవాలి.

అద్దె ఇళ్లలో ఉన్నవారికి

ఈ సాయం ప్రధానంగా సొంత కప్పు ఉన్నవారికి ఉద్దేశించినది. ఉపాధికై వచ్చి అద్దెకుంటున్న మనలో అనేకులకు అది అందడం కష్టం. ఈ చర్చలో తరచు వినబడని సంగతి ఇదే. అయితే అపార్టుమెంటు సంఘాలకు లిఫ్టు, నీటి మోటారు వంటి ఉమ్మడి అవసరాల నిమిత్తం కిలోవాట్‌కు 18,000 రూపాయల సాయం ఉన్నది. సంఘ సమావేశంలో అద్దెదారులూ ఈ మాట ఎత్తవచ్చు. 75 వాట్ల పాత పంకా స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ పంకా వాడితే బిల్లు తగ్గుతుంది, ఇల్లు మారినా అది వెంట వస్తుంది.

దరఖాస్తు చేయదలచినవారు తమ కరెంటు బిల్లు తీసుకొని దక్షిణ ఒడిశా విద్యుత్ పంపిణీ సంస్థ టీపీఎస్ఓడీఎల్ కార్యాలయంలో విచారించగలరు. నమోదు పొందిన సంస్థల ద్వారానే ఫలకాలు పెట్టించుకొనండి. మధ్యవర్తులకు ముందుగా సొమ్ము చెల్లించకండి. ఒడియాలో ఉన్న పత్రం అర్థం కాకపోతే, తెలిసినవారిచేత చదివించుకొన్న తరువాతనే సంతకం చేయండి.