పాత స్కౌట్ చొక్కా వయసు కనుక్కోవడం ఎలా?

అమెరికాలో మన తెలుగు పిల్లలు చాలామంది స్కౌట్స్‌లో ఉన్నారు కదా. గరాజ్ సేల్‌లోనో, పక్కింటి తాతగారి పెట్టెలోనో పాత స్కౌట్ చొక్కా కనిపిస్తే "ఇది ఎప్పటిది?" అని పిల్లలు అడుగుతారు. అమ్మేవాళ్ళు "1950ల నాటిదండీ" అంటారు. వాళ్ళ మాట కన్నా చొక్కా మాట వినడం మేలు.

ముందు భుజాలు చూడండి. 1980లో ఆస్కార్ డి లా రెంటా అనే ఫ్యాషన్ డిజైనర్ రూపొందించిన యూనిఫాం వచ్చింది. లేత ఖాకీ చొక్కా, భుజాల మీద గుండీ పట్టీలు, వాటికి ఎర్ర లూపులు. 2008లో ఆ లూపులు ఆకుపచ్చవయ్యాయి. లూపులు తీసి వేరేవి తొడగడం అర నిమిషం పని, కాబట్టి వాటినే నమ్ముకోకండి. ఎడమ చేతి మీద చిన్న జేబు కుట్టి ఉంటే మాత్రం అది 2008 తర్వాతి చొక్కాయే.

ఇక లోపలి లేబుల్. అమెరికాలో ఏ నూలో, ఎంత శాతమో రాయాలన్న చట్టం 1960లో అమల్లోకి వచ్చింది. ఉతికే పద్ధతి రాయడం 1972 నుంచి తప్పనిసరి. కొన్ని కంపెనీలు ముందే రాశాయి కాబట్టి ఈ ఒక్క ఆధారంతో తేల్చెయ్యకండి.

అసలు చిక్కు ప్యాచ్‌లతోనే. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలతో ఊరి పేరు, రాష్ట్రం పేరు ఉన్న వంపు పట్టీలు 1950ల నుంచి 70ల మొదటి దాకా ఎక్కువ. ఆ తర్వాత బొమ్మలున్న కౌన్సిల్ ప్యాచ్‌లు వచ్చాయి. ఊదారంగు ప్రపంచ స్కౌట్ చిహ్నం 1991 నుంచి అందరి యూనిఫాంలోనూ భాగమైంది. అయితే చొక్కా ఒక కాలానిది, దాని మీది ప్యాచ్ ఇంకో కాలానిది కావచ్చు. అన్న తొడిగిన చొక్కాకే తమ్ముడి ప్యాచ్‌లు కుడతారు మరి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, ఫైలు పుట్టిన తారీఖు వేరు, చివరిసారి మార్చిన తారీఖు వేరు. అన్నిటికన్నా కొత్త ప్యాచ్ ఏదో చూడండి. చొక్కా ఇప్పుడున్న రూపానికి అంతకు ముందు రాలేదు.

పాత సూది రంధ్రాలు, వెలిసిపోని గుడ్డ ముక్క కూడా సాక్ష్యాలే. అందుకే ప్యాచ్‌లు విప్పకండి, ఉతకకండి. ఎర్ర రంగు కారితే తెల్ల అక్షరాలు గులాబీరంగు తిరుగుతాయి.

ఎర్ర లూపుల చొక్కాలు మన ఇళ్ళలోనూ ఉన్నాయి, 1990లలో పెద్దబ్బాయి వేసుకున్నవి. చిన్నవాడి కోసం వాటి ప్యాచ్‌లు ఊడదీసే తల్లిదండ్రులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తియ్యక తప్పకపోతే ముందూ వెనకా ఫొటోలు తియ్యండి. కాగితం మీద పిల్లవాడి పేరు, ట్రూప్ నంబరు, సంవత్సరాలు పెన్సిల్‌తో రాసి జేబులో పెట్టండి. పెట్టేముందు ఆ జేబు ఒకసారి తడిమి చూడండి. పాత సభ్యత్వ కార్డు దొరికితే, తారీఖు దాని మీదే ఉంటుంది.