గిడ్డంగి లెక్క, రైతు రొక్కము

గిడ్డంగిలో దాచిన సరకునకు రెండు రక్షణలు కావలెను. సరకు చెడకుండ నుండుట మొదటిది. అది యెవరిది, ఎంత, ఎట్టిది అని యడిగినవారికి తక్షణమే చూపగల లెక్క యుండుట రెండవది. మొదటిదానిని గూర్చి మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. రెండవదానిని గూర్చి యిందు కొంత వివరించెదము.

కనిగిరి ప్రాంతమున వానపై నాధారపడిన మెట్టభూములే మెండు. కందియు, మిరపయు, ప్రత్తియు చేతికి వచ్చు దినములలోనే ఎరువుల బాకీయు, కూలియు, పిల్లల చదువు ఖర్చును మీదపడును. అందరును ఒక్కమారే అమ్మజూచుటచే ధర తగ్గును. సరకు నిలువజేయుటకు చోటు దొరికినను చేత రొక్కముండదు. రొక్కము కావలెనన్న సరకుపై అప్పు పుట్టవలెను. అప్పిచ్చువాడు మన మాటకంటె లెక్కను ఎక్కువ నమ్మును. కావున గిడ్డంగి లెక్క యెంత గట్టిదో, రైతునకు అప్పు అంత సులభము.

పూర్వము మన పెద్దలు జొన్నలను పాతరలోను, ధాన్యమును గరిసెలోను దాచిరి. ఇంటివారి కన్నే కావలి, ఇంటివారి జ్ఞాపకమే లెక్క. ఐగుప్తు దేశమున యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరముల ధాన్యము కూర్చి, అది కొలతకు మించిపోవుటచే తుదకు లెక్క మానెనని బైబిలు గ్రంథమువలన తెలియుచున్నది. ఆ కొట్లన్నియు ఒక్క ప్రభువు అధీనమున నుండెను గనుక లెక్క మానినను సాగెను. గుంటూరు శీతల గిడ్డంగులలోనన్ననో, వందలమంది రైతుల మిరప టిక్కీలు పక్కపక్కనే యుండును. అచ్చట లెక్క మానిననాడే తగవు పుట్టును.

కాగితపు చిట్టాయు ఆవర్జాయు ఇంతకాలము మనకు మంచి సేవయే చేసినవి. అయితే ఆ పుస్తకము ఒక్కచోటనే యుండును. తడిసిన, కాలిన, చెదలు తినిన మరి దొరకదు. కొట్టివేసి దిద్దిన అంకె యెవరిదో తెలియదు. బ్యాంకువారు చూడగోరిన మనిషిని పంపవలెను.

ఈ లోపములను తీర్చుటకే ఇప్పుడు ‘క్లౌడ్’ లెక్కలు వచ్చినవి. ఆ ఇంగ్లీషు మాటకు మేఘమని యర్థము. పేరు మేఘమే యైనను వస్తువు నేలమీదనే యున్నది. దూరపు నగరములలో, కరెంటును చల్లదనమును ఎడతెగక యుండు కట్టడములలో వరుసగా అమర్చిన కంప్యూటర్లయందు లెక్క నిలువయుండును. దానికి వేరొకచోట నకలు కూడ నుంచెదరు. గిడ్డంగిలోని కంప్యూటరును, గుమాస్తా చేతిఫోనును ఆ లెక్కను చూపు కిటికీలవంటివి. కిటికీ పగిలినను లెక్క చెడదు. యజమాని స్వంతముగ పెద్ద యంత్రము కొననక్కరలేక, ఉపయోగమును బట్టి బాడుగ చెల్లించిన చాలును.

ఒక రైతు 40 టిక్కీల మిరపకాయలు తెచ్చెననుకొందము. కాటాపై తూకము, రకము, తేమ, తేదీ వ్రాసి, ఆ రాశికి ఒక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్య గల చీటీని టిక్కీలకు కట్టి, ఏ గదిలో, ఏ వరుసలో, ఎన్నవ అంతస్తున పెట్టిరో గుర్తింతురు. ప్రతి పద్దుతోను వ్రాసినవాని పేరును, గంటయు నమోదగును. తరువాత దిద్దినను పాత అంకె మాయము కాకుండ నిలుచుటయే మంచి ఏర్పాటునకు గుర్తు. సరకు కదలినప్పుడు రైతు ఫోనునకు సందేశము పంపు వీలు కూడ గలదు.

ఇందువలన వ్యాపారికిని లాభమున్నది. కావలసిన రాశిని వెదకుటకు పది వరుసలు దింపనక్కరలేదు. ముందు వచ్చిన సరకు ముందు పోవును గనుక కందులు మూలబడి పుచ్చిపోవు. బాడుగ దినములు తప్పులేకుండ తేలును. ఎంత చోటు ఖాళీయున్నదో దూరముననున్న యజమానికిని తెలియును.

రైతునకు ముఖ్యమైన లాభము రసీదు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము 2007లో పుట్టి, 2010వ సంవత్సరము అక్టోబరు 25న అమలునకు వచ్చినది. 2017 సెప్టెంబరులో ఈ రసీదులు కంప్యూటరులోనే యుండు ఏర్పాటు కలిగినది. నియంత్రణ సంస్థవద్ద నమోదైన గిడ్డంగివారు సరకు పుచ్చుకొని, గుర్తింపు పొందిన భాండారమున రైతు పేర ఈ రసీదు నిత్తురు. చేతులు మారు రసీదైనచో సరకు కదలకుండగనే యాజమాన్యము కొన్నవానికి చెందును. బ్యాంకు అప్పిచ్చినప్పుడు దానిపై తనఖా గుర్తు పడును. ఆ గుర్తు తీరువరకు అదే సరకును మరియొకరికి కుదువబెట్టుటకుగాని, అమ్ముటకుగాని వీలుండదు. ఒకే సరకుపై రెండప్పులు పుట్టు భయము తగ్గుటచేతనే బ్యాంకులు ఈ రసీదును నమ్మును. చిన్న, సన్నకారు రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డున్నచో ఇట్టి అప్పుపై వడ్డీ రాయితీ కూడ ఏర్పడియున్నది.

అయినను నిలువజేసిన ప్రతివానికిని లాభము వచ్చునని తలపరాదు. పై 40 టిక్కీలు, ఒక్కొక్కటి 45 కిలోల చొప్పున, 18 క్వింటాళ్ళగును. క్వింటాలు ధర 12,000 రూపాయలనుకొన్న విలువ 2,16,000. అందు నూటికి 70 వంతున అప్పు 1,51,200. సాలుకు నూటికి 9 వడ్డీ యనుకొన్న నాలుగు నెలలకు 4,536 రూపాయలగును. టిక్కీకి 200 బాడుగ యనుకొన్న 8,000. మొత్తము ఖర్చు 12,536, అనగా క్వింటాలునకు సుమారు 696 రూపాయలు. ధర ఇంతకు మించి పెరిగిననే నిలువ లాభము, లేనిచో నష్టమే. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయించి ఆదుకొనవలసి వచ్చిన సంగతి మరువరాదు. లెక్క యంత్రము ధరను పెంచజాలదు. ఈ గణితము మనకు ముందుగ తెలియుటకు మాత్రము సాయపడును.

మరియు, తప్పు తూకము వ్రాసిన యంత్రము ఆ తప్పునే భద్రముగ దాచును. తేమ నూటికి 11 పాళ్ళు మించిన కాయను ఎండినదని వ్రాసినంతమాత్రమున బూజు పట్టక మానదు. కావున సరకు దించునప్పుడు రైతు కాటావద్ద స్వయముగ నిలువవలెను. శీతల గిడ్డంగులన్నియు నమోదైనవి కావు గనుక మొదట అది విచారించవలెను. రసీదు గడువెప్పుడో, భీమా ఎంతవరకు గలదో, కరెంటుగాని ఇంటర్నెట్టుగాని పోయినప్పుడు పద్దు ఎట్లు వ్రాయుదురో అడుగవలెను. ఫోనునకు వచ్చు ఓటీపీ అంకె ఇంటి తాళపుచెవి వంటిది. గుమాస్తా యెంత మంచివాడైనను చెప్పరాదు.

మన సంఘములకును ఈ మార్గము తెరచియున్నది. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులో నుంచుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. అప్పులతోబాటు గిడ్డంగి పద్దులును అందు చేరియున్నవి. కంప్యూటరు వచ్చి బల్లమీద కూర్చున్నంతనే పని తీరదు. సభ్యులు సర్వసభ్య సమావేశమున నిలువ పట్టీని చదివించి వినవలెను. సంవత్సరమునకు రెండుమార్లైనను ఇద్దరు సభ్యులు గిడ్డంగికి పోయి బస్తాలను చేతితో లెక్కించి, తెరమీది అంకెతో సరిచూడవలెను. రెండును సరిపోయిన సంఘమునకు బ్యాంకువద్ద మాట చెల్లును; దాని సభ్యుడు కళ్ళములోనే తొందరపడి అమ్మవలసిన గతి తప్పును.